నవజాత శిశువుల్లో పెద్ద పుట్టుమచ్చలు: తొలి పరీక్ష ఎలా ఉండాలి

మిత్రులారా,

అప్పుడే పుట్టిన శిశువు వీపు మీద పెద్ద నల్లమచ్చ కనిపిస్తే తల్లిదండ్రులకే కాదు, ఒక్కోసారి వైద్యులమైన మనకూ ముందు కేన్సరే గుర్తుకొస్తుంది. అయితే తొలిరోజున తేల్చవలసింది అది ఏ రకం మచ్చ, ఎంత పెద్దది, ఇంకా ఎన్ని ఉన్నాయి అన్నదే. ఇందుకు చాలావరకు కన్ను, వేళ్లు, టేపు చాలు.

మెలనోసైట్ల (చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాల) వల్ల ఏర్పడే పుట్టుమచ్చ గోధుమ, నలుపు ఛాయలు కలిసి, తరచుగా గరుకుగా, వెంట్రుకలతో ఉంటుంది. పిరుదుల మీద నున్నగా, నీలిబూడిద రంగులో కనిపించేది వేరు. అది సాధారణంగా బాల్యంలోనే వెలిసిపోతుంది. అంతటా ఒకే లేతగోధుమ రంగులో ఉండే చదునైన మచ్చలు 5 మిల్లీమీటర్లు దాటినవి ఆరు, అంతకు మించి ఉంటే న్యూరోఫైబ్రొమటోసిస్‌ను (నరాల మీద కణితులు పెరిగే జన్యు వ్యాధిని) అనుమానించాలి. మచ్చ కింద మెత్తని గడ్డ చేతికి తగిలితే అది నరాల కణితి కావచ్చు కనుక, తాకి చూడకుండా ఏ మచ్చకూ పేరు పెట్టకూడదని నా అభిప్రాయం.

బిడ్డ పెద్దయ్యాక 20 సెంటీమీటర్లు దాటుతుందనుకునే మెలనోసైట్ల మచ్చనే పెద్దదిగా లెక్కిస్తాం. అప్పుడే పుట్టిన శిశువులో ఆ హద్దు తల మీదైతే సుమారు 9, మొండెం మీదైతే సుమారు 6 సెంటీమీటర్లు. ఆ తర్వాత బట్టలన్నీ తీసి, మాడు నుంచి అరికాళ్ల దాకా చూసి, చుట్టుపక్కల చిన్న మచ్చలను లెక్కపెట్టాలి. సంఖ్య పెరిగేకొద్దీ మెదడు, వెన్నుపాము పొరల్లోనూ మెలనోసైట్లు చేరి ఉండే అవకాశం పెరుగుతుంది. అటువంటి శిశువుకు ఎంఆర్ఐ వీలైనంతవరకు ఆరు నెలల లోపే చేయించాలి. నాడుల చుట్టూ మైలిన్ పొర ఏర్పడుతున్నకొద్దీ మెలనిన్ జాడలు స్కాన్‌లో మరుగున పడతాయి. బిడ్డ హుషారుగా ఉన్నాడు కదా అని వాయిదా వేస్తే ఆ అవకాశం చేజారుతుంది.

బయాప్సీకి (చిన్న ముక్క తీసి పరీక్షించడానికి) మాత్రం తొందర వద్దు. కొత్తగా గట్టి బుడిపె లేచినా, వేగంగా పెరిగినా, పుండు పడినా అది అవసరమే. కానీ శిశువుల్లో ప్రమాదం లేని బుడిపెలు కూడా సూక్ష్మదర్శినిలో మెలనోమాను (మెలనోసైట్ల కేన్సర్‌ను) తలపించగలవు. ఇటువంటి కేసులు చూసి అలవాటున్న పాథాలజిస్టు అభిప్రాయం తీసుకున్నాకే కుటుంబానికి ఫలితం చెప్పాలి.

తమవల్లే ఇలా జరిగిందా అని తల్లి అడుగుతుంది, లేదా అడగలేక ఊరుకుంటుంది. ఎక్కువగా ఎన్‌రాస్ అనే జన్యువులో, గర్భం నిలిచాక పిండంలోని ఒక కణంలో వచ్చిన మార్పే దీనికి మూలమని, ఆమె తిన్నదో చేసినదో కారణం కాదని, అడగకముందే చెప్పండి.