ముప్పయ్యో వంతు సుంకం

(నెల్లూరు పురమందిరంలో ఒక విశ్రాంత దౌత్యాధికారి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం.

ఈ హాల్లోకి నేను మొదట వచ్చింది మా నాయన వెంట, హైస్కూల్లో చదివే రోజుల్లో. అప్పట్లో నాకు ప్రపంచమంటే కోవూరు నుంచి మద్రాసు దాకానే. తర్వాత విదేశాంగ శాఖలో చేరి ముప్పై ఆరేళ్లు దేశాలు తిరిగాను. అందులో ఎక్కువ కాలం ఆసియాలోనే గడిచింది. ఆసియా దేశాల ఆర్థిక వ్యవస్థల గురించి, వాటితో మన సంబంధాల గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. టోక్యోతోనో సింగపూర్‌తోనో మొదలుపెట్టొచ్చు. నేను మాత్రం మోటుపల్లితో మొదలుపెడతాను.

చినగంజాం దగ్గర సముద్రం ఒడ్డున చిన్న ఊరు మోటుపల్లి. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్లలోకి వెళ్లింది. అక్కడ గుడి మండపంలో ఒక రాతి స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు. అందులో ఆయన చెప్పింది ఇది. తుపానుకు దారి తప్పి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా ఇంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు. మేము అలా చెయ్యం. ప్రాణాల మీదికి తెచ్చుకుని సముద్రం దాటి వచ్చేవాళ్లకు ధనం ప్రాణంతో సమానం. కాబట్టి మా సుంకం మేము తీసుకుని మిగతాదంతా వాళ్లకే వదిలేస్తాం. ఆ సుంకం ఎంతో కూడా రాయి మీదే ఉంది. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. ఇప్పటి లెక్కలో మూడున్నర శాతం కూడా కాదు. గంధం, కర్పూరం, చీనీ కర్పూరం, ముత్యాలు, పట్టు అంటూ సరుకుల పేర్లూ చెక్కించాడు.

నెల్లూరు సభలో ఓరుగల్లు రాజు పేరెత్తితే తిక్కన గుర్తుకు రాకుండా ఉండడు. మన నెల్లూరు రాజు మనుమసిద్ధి గద్దె పోగొట్టుకున్నప్పుడు ఇదే గణపతిదేవుడి దగ్గరికి వెళ్లి, ఒప్పించి, సాయం తెచ్చినవాడు తిక్కన అని చెబుతారు. కవిగా ఆయనకు మనం దణ్ణం పెడతాం. నాకు మాత్రం ఆయన మా వృత్తిలో పెద్ద కూడా. చేతిలో సైన్యం లేదు, ఖజానా లేదు. మాట ఒక్కటే పట్టుకుని వెళ్లి పని చేసుకొచ్చాడు.

గణపతిదేవుడు సుంకం ఇంత అని రాతి మీద చెక్కించి వదిలాడు. ఏ ఒడ్డున ఎంత తీసుకుంటారో ముందే తెలిస్తే ఓడ అక్కడికి వస్తుంది. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

సియోల్ సంగతి చెబుతాను. 1997 జులై 2న థాయిలాండ్ తన కరెన్సీ బాత్‌ను ఒకే రేటు దగ్గర నిలబెట్టలేక వదిలేసింది. ఆ దెబ్బ ఇండోనేషియాకు తగిలింది, అక్కడి నుంచి కొరియాకు పాకింది. ఏడాది తిరక్కుండానే ఇండోనేషియాలో ముప్పై ఏళ్ల సుహార్తో పాలన కూలిపోయింది. కొరియా అంతర్జాతీయ ద్రవ్య నిధి దగ్గర చెయ్యి చాచింది. 1998 జనవరిలో నేను సియోల్‌లో ఉన్నాను. గడ్డకట్టే చలిలో బ్యాంకుల ముందు జనం బారులు తీరి ఉన్నారు. డబ్బు తీసుకోవడానికి కాదు, దేశం కోసం ఇంట్లో బంగారం ఇవ్వడానికి. నా ముందున్న ఒక ముసలావిడ చేతిరుమాలు విప్పింది. అందులో వేలి గోరంత ఉంగరాలు నాలుగు. అక్కడ బిడ్డకు మొదటి పుట్టినరోజున బంగారు ఉంగరం పెడతారు. మనకు బారసాల మొలతాడు ఎలాగో వాళ్లకు అది అలాగ. క్లర్కు వాటిని తూచి చీటీ రాసిచ్చేదాకా ఆవిడ వాటి మీంచి కళ్లు తిప్పలేదు.

అలా సుమారు 35 లక్షల మంది ఇస్తే 227 టన్నుల దాకా పోగైంది. అప్పు ముందు అది ఏమంత కాదు, రెండు వందల కోట్ల డాలర్ల చిల్లర. కానీ అప్పిచ్చినవాళ్లు ఆ క్యూలను టీవీలో చూశారు. ఈ దేశం బాకీ ఎగ్గొట్టదని నమ్మారు. 2001 ఆగస్టుకు, గడువుకు మూడేళ్ల ముందే, కొరియా ద్రవ్య నిధి అప్పు మొత్తం తీర్చేసింది. మనమూ 1991లో బంగారం తాకట్టు పెట్టినవాళ్లమే. 47 టన్నులు విమానాల్లో వెళ్లింది. ఆ అవమానం నాకు బాగా గుర్తు. ఆ ఏడాదే ప్రధాని అయిన మన పీవీ గారు మన చూపును తూర్పు వైపు తిప్పారు. 1993 సెప్టెంబరులో స్వయంగా సియోల్ వెళ్లారు. 1996లో హ్యుందాయ్ మద్రాసు పక్కన దిగింది. పెనుకొండలో కియా కార్లు తయారవుతున్నాయంటే దాని వెనక అంత దూరం ఉంది.

ఇప్పుడు మన గట్టు మీదికి వస్తాను. సభలో రొయ్యల రైతులు చాలామందే కనిపిస్తున్నారు.

2012లో జపాన్ మన రొయ్యల్లో ఎథాక్సీక్విన్ అనే మందు కోసం పరీక్షలు మొదలుపెట్టింది. ఫీడ్‌లో వేసే చేపపొడి పాడవకుండా కలిపే మందు అది. వాళ్లు పెట్టిన పరిమితి 0.01 పీపీఎం. అంటే టన్ను రొయ్యలో గ్రాములో నూరో వంతు. కంటైనర్లు ఆగిపోయాయి. అప్పుడు నేను టోక్యోలో ఉన్నాను. శాస్త్రవేత్తల నివేదికలన్నీ పట్టుకుని వాళ్ల కార్యాలయానికి వెళ్లాం. మేము చెప్పిందంతా ఆ అధికారి ఓపిగ్గా విన్నాడు. చివర్లో టేబుల్ మీదున్న పెట్టె చూపించి ఒక్కటే అడిగాడు: "ఇది ఏ గుంటలో పెరిగిందో చెప్పగలరా?" ప్లాంటు పేరు చెప్పాం, లాట్ నంబరు చెప్పాం. గుంట చెప్పలేకపోయాం. అల్లూరులో, ఇందుకూరుపేటలో మా బంధువుల గుంటలు నా కళ్ల ముందు మెదిలాయి. నాకు నోట మాట రాలేదు.

మనమూ వియత్నామూ పట్టుబట్టగా 2014లో ఆ పరిమితిని 0.2కు పెంచారు. అక్కడికి ఆ గొడవ సర్దుకుంది. ఆ అధికారి ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. 2016లో ఐరోపా యూనియన్ యాంటీబయాటిక్ అవశేషాలు దొరుకుతున్నాయని మన రొయ్యల పరీక్షలను పది శాతం సరుకు నుంచి సగానికి పెంచింది. రెండు గుంటల్లో ఎవరో తెలియక వాడిన మందుకు జిల్లా మొత్తం సరుకు రేవులో పడిగాపులు కాస్తుంది. ఆ రోజుల అద్దె, కరెంటు అంతా తిరిగి తిరిగి గట్టు మీద కౌంటు రేటులోనే, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో చూసి రైతుకిచ్చే ధరలోనే, కోత పడుతుంది.

ఇక అమెరికా. 2025 ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం అదనపు సుంకం వేసింది, అదే నెల 27న ఇంకో 25. పైగా మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచీ ఉండనే ఉంది. 2025లో పడిన ఆ 50 శాతం అన్యాయమే. అంతకంటే పెద్ద చేటు, రేపు ఎంత ఉంటుందో తెలియకపోవడం. మనం పెంచే వనామి రకం రొయ్య పంట వంద రోజుల నుంచి నూట ఇరవై రోజులు. ఏప్రిల్‌లో పిల్ల వదిలిన రైతు ఆగస్టులో పట్టుబడి చేస్తాడు. వదిలినప్పటి సుంకం వేరు, పట్టినప్పటి సుంకం వేరు. మధ్యలో ఫీడ్ అప్పు, గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల కరెంటు బిల్లు. రాత్రి రెండింటికి లేచి ఆక్సిజన్ చూసుకునే మనిషికి ఈ టెన్షన్ కూడానా? ఒక్క దేశం మీదే అంతగా ఆధారపడడం మన తప్పు అని నేను సూటిగా చెబుతాను. 2012, 2013లో థాయిలాండ్‌లో రోగం వచ్చి అక్కడి రొయ్య పడిపోయినప్పుడు అమెరికా బజారు మన చేతికి వచ్చింది. ఆ ఊపులో పక్క తలుపులు తట్టడం మానేశాం. వియత్నాం మానలేదు. 2020 ఆగస్టు నుంచి ఐరోపాతో దాని ఒప్పందం అమల్లో ఉంది. ఆసియా దేశాల పెద్ద ఒప్పందం ఆర్‌సెప్‌లోనూ ఉంది. మనం 2019 నవంబరులో బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ నుంచి బయటికి వచ్చాం. పాడి రైతుల భయం, చైనా సరుకు భయం ఉత్తవి కావు. నేను తప్పు పట్టేది బయటికి రావడాన్ని కాదు. చర్చలు నడిచిన ఏడేళ్లలో మన ఫ్యాక్టరీలను, మన రేవులను ఆ పోటీకి సిద్ధం చేయకపోవడాన్ని.

చీమకుర్తి రాయి సంగతి ఒక్క ముక్కలో. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ ప్రపంచంలో మరోచోట దొరకదని దాని పేరు. అందులో ఎంతో భాగం దిమ్మెలుగానే చైనాలోని షియామెన్ రేవుకు వెళ్లింది. అక్కడ కోసి, పాలిష్ పట్టి, వాళ్ల లెక్కలో అమ్ముకున్నారు. గొయ్యి మనకు, మెరుపు వాళ్లకు. సరిహద్దులో 2020 గల్వాన్ రక్తపాతం తర్వాత కూడా ఆ దేశంతో మన వాణిజ్యం తగ్గలేదు. 2024-25లో మన లోటు సుమారు 9,900 కోట్ల డాలర్లు. గొంతు పెంచినంత మాత్రాన ఆ లోటు పూడదు. చీమకుర్తిలో కోత యంత్రాలు తిరగాలి, ఆ యంత్రం నడపగల పిల్లలు ఇక్కడే తయారు కావాలి.

ఇండోనేషియా గురించి చెప్పకుండా ముగించలేను, మనవాళ్లకు బొత్తిగా పట్టని దేశం అది. కృష్ణపట్నం దగ్గర కరెంటు తయారు చేసే బొగ్గులో కొంత అక్కడిదే. పంటపాలెం రిఫైనరీలకు వచ్చే పామాయిల్‌లోనూ అక్కడిది ఉంది. 2022 జనవరిలో ఆ దేశం బొగ్గు ఎగుమతి ఆపేసింది. ఏప్రిల్ 28న పామాయిల్ ఆపి మే 23 దాకా వదల్లేదు. వాళ్ల ఇళ్లల్లో నూనె ధర మండింది, వాళ్ల ప్రభుత్వం వాళ్ల జనాన్ని చూసుకుంది. ఇక్కడ మా వదిన దుకాణం నుంచి వచ్చి, నూనె ప్యాకెట్ బల్ల మీద పెట్టి, "జకార్తాలో మీకు తెలిసినవాళ్లు ఎవరూ లేరా?" అని అడిగింది. ఆవిడ నిజంగానే అడిగింది. నాకు తెలిసినవాళ్లు ఉన్నారు. కానీ మన చుట్టుపక్కల ఇండోనేషియా భాష వచ్చినవాళ్లను వెతికితే ఒక్కరు కూడా దొరకలేదు నాకు.

అందుకని సభా ముఖంగా రెండు అడుగుతున్నాను. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో జపనీస్, కొరియన్, ఇండోనేషియా భాషలు సాయంత్రం పూట నేర్పే ఏర్పాటు చేయండి. మొదటి ఏడాది పాఠాలకు మనుషులను నేను వెతికి తెస్తాను, ఆ ఖర్చులో నా వంతు నేను పెట్టుకుంటాను. రెండోది రైతులకు. మా పినతండ్రి కొడుకు ఇందుకూరుపేటలో మూడేళ్లుగా ఒక నోటుబుక్కు రాస్తున్నాడు. పిల్ల ఏ హేచరీది, ఏ తేదీన వదిలాడు, ఏ ఫీడ్, బ్యాచ్ నంబరు ఎంత, గుంటలో ఏం చల్లాడు, ఎప్పుడు పట్టాడు, ఎవరికి ఇచ్చాడు. నీళ్లు పడి కొన్ని పేజీలు అలుక్కుపోయాయి, అయినా చదవొచ్చు. దాన్ని నేను ఇవాళ తెచ్చాను. ఇదుగో, ఈ చివరి వరస నుంచి ఒక్కొక్కరు చూసి ముందుకు పంపండి. ఈలోగా మీ ప్రశ్నలు వింటాను.