పేరు ఒకటే, గడులే రెండు

నిర్వాహకురాలు: ఆసుపత్రి కంప్యూటర్‌లో రోగి పేరు రాసుకోవడానికి ఇంత చర్చ ఎందుకు అనేవాళ్లున్నారు. డాక్టర్ గారూ, మీతోనే మొదలుపెడదాం.

వైద్యురాలు: ఒంటి పేరున్న మనిషి వచ్చాడనుకోండి. ఇండోనేషియాలో అలాంటివారు కోకొల్లలు. ఆ దేశ తొలి అధ్యక్షుడు సుకర్నోకు ఉన్నది ఆ ఒక్క పేరే. ఇంటిపేరు గడి నింపనిదే తెర ముందుకు కదలదు. ఒక ఉద్యోగి అదే పేరును రెండుసార్లు కొడతారు, ఇంకొకరు చుక్క పెడతారు, మరొకరు ‘తెలియదు’ అని రాస్తారు. మూడు రాకలకు ముగ్గురు రోగులు తయారు! పెన్సిలిన్ పడదన్న సంగతి మొదటి రికార్డులో ఉంటుంది, నేను తెరిచింది మూడోది.

నిర్వాహకురాలు: అయితే లోపం ఆసుపత్రుల కంప్యూటర్లు సమాచారం పంచుకునే ప్రమాణంలోనే ఉందా?

ప్రమాణాల నిపుణుడు: ప్రమాణం మీదికి తోసేస్తే అన్యాయమవుతుంది. హెచ్‌ఎల్7 సంస్థ రూపొందించిన ‘ఫైర్’ ప్రమాణంలో ఇంటిపేరుకు ఒక గడి ఉంది, సొంత పేర్లు ఎన్నైనా రాయవచ్చు, ఏదీ తప్పనిసరి కాదు. పూర్తి పేరును ఉన్నదున్నట్టు రాసుకోవడానికి ‘టెక్స్ట్’ అనే గడి కూడా ఉంది. తప్పనిసరి అంటూ గడికి ఎర్ర నక్షత్రం తగిలించేది సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారే.

రికార్డుల అధికారి: ఒక్క నిమిషమండీ. పేరంతా ఒకే గడిలో పోస్తే నేను వెతికేదెలా? పాత రికార్డుతో సరిపోల్చేదెలా?

ప్రమాణాల నిపుణుడు: విడగొట్టవద్దని నేననలేదు, తెలిసినప్పుడే విడగొట్టమంటున్నాను. టెన్నిస్ ఆటగాడు రఫాయెల్ నాదల్ పరేరానే చూడండి. నాదల్ తండ్రి నుంచి, పరేరా తల్లి నుంచి వచ్చాయి. రెండూ కలిస్తేనే ఇంటిపేరు. చివరి మాటే ఇంటిపేరని నమ్మే సాఫ్ట్‌వేర్ నాదల్‌ను మధ్య పేరు చేసేస్తుంది. ఏది ఎవరి వైపుదో చెప్పే అదనపు గుర్తులు ఫైర్‌లో ఉన్నాయి, వాడేవారే తక్కువ.

రికార్డుల అధికారి: ఐస్‌లాండ్‌లో చాలామందికి అసలు ఇంటిపేరే ఉండదు కదా.

ప్రమాణాల నిపుణుడు: అవును. యోన్ కొడుకు యోన్సన్, కూతురు యోన్స్‌దోత్తిర్. తోబుట్టువులకే చివరి పేరు కలవదు. అక్కడ టెలిఫోన్ డైరెక్టరీని కూడా సొంత పేరు వరుసలోనే వేసేవారు. ఇక జపాన్‌లో ఒకే పేరును కాంజీ అనే చైనా మూలపు అక్షరాల్లోనూ, ఉచ్చారణను చూపే కానా లిపిలోనూ రాస్తారు. ఒకే కాంజీని పలు విధాలుగా చదవవచ్చు కాబట్టి కానా లేకపోతే రోగిని పిలవడమే కష్టం. అందుకే ఏ లిపిలో రాశారో చెప్పే గుర్తును ఐఎస్ఓ 21090 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి ఫైర్ తీసుకుంది.

వైద్యురాలు: పిలవడం అన్నారు కాబట్టి చెబుతున్నాను. పేరు మార్చుకున్నవారిని నిండు హాలులో పాత పేరుతో పిలిస్తే వారికెంత ఇబ్బంది! అధికారిక పేరు, వాడుక పేరు, పాత పేరు అని విడివిడిగా గుర్తించే వీలు ఎప్పటి నుంచో ఉంది. అయినా తెర మీద కనిపించేది ఒక్కటే. అప్పుడే పుట్టిన కవలల సంగతి ఇంకా ఘోరం. ఇద్దరికీ తల్లి పేరే తాత్కాలికం. ఒకరి మందు మరొకరికి పడకుండా నవజాత శిశువులను స్పష్టంగా వేరు చేసే పద్ధతి ఉండాలని అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2019 నుంచి ఆసుపత్రులకు షరతు పెట్టింది.

రికార్డుల అధికారి: అన్నీ ఒప్పుకుంటాను. కానీ బీమా ఫారం రెండు గడులూ నింపమంటుంది. నక్షత్రం తీసేసే అధికారం నాకు లేదు.

ప్రమాణాల నిపుణుడు: ఫారానికి ఏది కావాలో అది పంపేటప్పుడు ఇవ్వండి. మీ రికార్డులో మాత్రం చుక్క పెట్టవద్దు. సమాచారం ఎందుకు లేదో చెప్పడానికి ఫైర్‌లో విడిగా ఏర్పాటుంది.

నిర్వాహకురాలు: మరి ఆ తెరను మార్చేదెవరు?

వైద్యురాలు: కొనేవారు! ఒంటి పేరు, రెండు ఇంటిపేర్లు, పేరు పెట్టని కవలలు. ఈ మూడింటినీ మా కళ్లముందు నమోదు చేసి చూపించమనండి. ఆ తరువాతే ఒప్పందం మీద సంతకం.

రికార్డుల అధికారి: దానికి నాలుగోది కలపండి. పేరు మారినా పాత రికార్డు దొరకాలి.