ఒకే పూతరేకు, ఇద్దరు వదినామరదళ్లు

శ్రోతలకు నమస్కారం.

పోయిన సంక్రాంతికి మా పుట్టింట్లో జరిగిన సంగతి ముందు చెబుతాను. అన్నయ్య ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టె తెచ్చాడు. బెల్లం, నెయ్యి, మధ్యలో జీడిపప్పు పలుకులు. మా వదిన ఒకటి తిని, చేతులు దులుపుకుని, మళ్లీ ముగ్గు దగ్గరకి వెళ్లిపోయింది. నేను తిన్నది సగం. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో ఒళ్లంతా చెమట, గుండె దడదడ, కడుపులో మెలి. అరుగు మీద చాప వేయించుకుని ముప్పావుగంట పడుకున్నాను. మా అమ్మ దిష్టి తగిలిందంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది కూడా.

దిష్టేమీ లేదు. మేమిద్దరం బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లమే. తనది స్లీవ్, నాది బైపాస్. ఒకే పూతరేకు ఇద్దరి ఒంట్లో రెండు రకాలుగా నడిచింది, అంతే.

నేను డాక్టర్ని కాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాలుగేళ్ల కిందట ఈ ఆపరేషన్ చేయించుకున్నప్పటి నుంచీ స్టాఫ్‌రూంలో, పెళ్లి భోజనాల దగ్గర, బస్సులో కూడా ఆడవాళ్లు పక్కన చేరి అడుగుతుంటారు. "మేడమ్‌గారూ, ఏ ఆపరేషన్ మంచిదండీ?" అని. చీరల కొట్లో ఏ రంగు బాగుంటుందని అడిగినట్టే అడుగుతారు. వాళ్లకి చెప్పేదే ఇవాళ మీకూ చెబుతాను. చివరి మాట మాత్రం మీ సర్జన్‌దే.

మా డెల్టాలో పుట్టినవాళ్లకి పేగుల సంగతి చెప్పడం తేలిక. పొట్టసంచి ఒక చెరువు అనుకోండి. దాని కింద ఒక లాకు, అంటే నీళ్లు ఆపి వదిలే తలుపు. లాకు దాటాక ఇరవై అడుగుల కాలువ, అదే చిన్నపేగు. ఆ కాలువ మొదటి జానెడును పాఠ్యపుస్తకంలో ఆంత్రమూలం అంటాం. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది అక్కడే. పైత్యరసం, క్లోమరసం వచ్చి కలిసేదీ అక్కడే.

స్లీవ్ అంటే చొక్కా చెయ్యి. చెరువును నిలువుగా కోసి, నాలుగింట మూడు వంతులకు పైగా తీసి పారేస్తారు. మిగిలేది అరటిపండంత గొట్టం. లాకు జోలికీ కాలువ జోలికీ పోరు. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన ముక్కలోనే కాబట్టి ఆకలి కూడా మందగిస్తుంది.

బైపాస్‌లో చెరువు పైకొసన చిన్న సంచి కట్టి వేరు చేస్తారు. అందులో పట్టేది 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. పేగును కిందెక్కడో కోసి, పైకి లాగి, తిన్నగా ఆ సంచికే కుడతారు. కొత్త కాలువ తవ్వి ఎగువ ఆయకట్టును తప్పించినట్టన్నమాట. పాత కాలువ ఎండిపోదు. పైత్యరసం మోసుకుంటూ కిందకి వచ్చి కొత్తదాంతో కలుస్తుంది. ఈ దారిలో లాకు లేదు. అందుకే నేను తిన్న బెల్లం ఒక్క ఊపున పేగులోకి దూకింది. డాక్టర్లు దాన్ని డంపింగ్ అంటారు. వదినకి లాకు ఉంది కాబట్టి మెల్లగా దిగింది. స్లీవ్‌వాళ్లకి అసలు రాదని అనలేం గానీ, తక్కువ.

ఈ బైపాస్ కొత్త వైద్యమేం కాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లోనే మొదలుపెట్టాడు. అప్పట్లో పొట్ట నిలువునా కోసేవారు. ఇప్పుడు నాలుగైదు చిన్న రంధ్రాలతో అయిపోతోంది.

ఇక నా సొంత గొడవ. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, అప్పటి బరువు 108 కిలోలు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే లెక్కే బీఎంఐ. నాది దాదాపు 45. షుగరు ఆరేళ్లుగా ఉంది. వదిన అప్పటికే స్లీవ్ చేయించుకుని చీరల మీద చీరలు మారుస్తోంది. నాకూ అదే కావాలని పట్టుబట్టి ఒక ఆసుపత్రికి వెళ్లాను. పేరు చెప్పను. అక్కడో అమ్మాయి లామినేషన్ చేసిన కార్డు నా ముందు పెట్టింది. స్లీవ్ ఇంత, బైపాస్ ఇంత, మినీ బైపాస్ ఇంత, ఏసీ గది అయితే ఇంత. కాటరింగ్ వాళ్ల మెనూ కార్డులా ఉంది. పదిహేను నిమిషాల్లో అడ్వాన్స్ ఎంత కడతారని అడిగింది తప్ప, రాత్రి పడుకుంటే గొంతులోకి పులుపు వస్తోందా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు లెండి. పదేళ్లుగా ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకునేదాన్ని. అదంతా గ్యాసని సిరప్ తాగేసేదాన్ని. జీవశాస్త్రం టీచర్నండీ నేను!

రెండోచోట సర్జన్ ముందు ఎండోస్కోపీ చేయించారు. అన్నవాహిక కింది చివర ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. స్క్రీన్ నా వైపు తిప్పి, "అమ్మా, మీకు స్లీవ్ చేస్తే ఈ మంట ముదిరే అవకాశం ఉంది" అన్నారు. ఎందుకంటే స్లీవ్‌లో కింద లాకు అలాగే ఉంటుంది, చెరువు మాత్రం సన్నటి గొట్టమైపోతుంది. లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. స్విట్జర్లాండ్‌లో రెండు రకాలవాళ్లనూ ఐదేళ్లు వెంబడించి చూసిన పరిశోధన 2018లో వెలువడింది. ముందునుంచీ మంట ఉన్నవాళ్లలో, అది ఇంకా ముదిరినవాళ్లు స్లీవ్ తర్వాత నూటికి 32 మంది, బైపాస్ తర్వాత ఆరుగురు. పూర్తిగా పోయినవాళ్లు బైపాస్‌లో నూటికి 60, స్లీవ్‌లో 25. అదే పరిశోధనలో బరువు తగ్గడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అమెరికాలో వేలమంది రికార్డులు తిరగేసిన ఇంకో పరిశీలన అదే ఏడాది వచ్చింది. ఐదేళ్ల తర్వాత బైపాస్‌వాళ్లు మొత్తం బరువులో సుమారు 25 శాతం, స్లీవ్‌వాళ్లు 19 శాతం తగ్గి ఉన్నారని అది తేల్చింది.

షుగరు విషయంలోనూ బైపాస్‌ది కాస్త పైచేయి. బరువు తగ్గకముందే, కొద్దిరోజుల్లోనే చక్కెర దిగడం మొదలవుతుంది. నాకు ఆసుపత్రిలో ఉండగానే బిళ్లలు తగ్గించారు. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి అంత ఫలితం రాకపోవచ్చు.

ఇలా చెబుతున్నానని బైపాస్‌కి ఓటేస్తున్నానని అనుకోకండి. మా మావయ్యగారికైతే నేను వద్దనే అంటాను. ఆయనకి చుట్ట లేనిదే తెల్లారదు, మోకాళ్లకి రోజూ నొప్పి బిళ్ల పడాల్సిందే. పొగాకూ, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే ఆ నొప్పి బిళ్లలూ బైపాస్ అతుకు దగ్గర పుండు చేస్తాయి. పుండు పగిలితే ప్రాణం మీదకి వస్తుంది. కీళ్లవాతానికి ఆ బిళ్లలు మానలేనివాళ్లకి స్లీవే నయం. ఇంట్లో ఎవరికైనా పొట్ట క్యాన్సర్ వచ్చి ఉంటే అదీ చెప్పాలి. బైపాస్‌లో పాత పొట్ట లోపలే ఉండిపోతుంది, మామూలు ఎండోస్కోపీ గొట్టం అక్కడిదాకా పోదు.

ఐరన్ పట్టే ఎగువ ఆయకట్టును తప్పించాం కదా, దాని సంగతీ చూడాలి. ఐరన్, కాల్షియం, విటమిన్ డి, బి12 బతికున్నంతకాలం వేసుకోవాలి. స్లీవ్‌వాళ్లకీ విటమిన్లు తప్పవు గానీ, బైపాస్‌వాళ్లు ఎగ్గొడితే లోటు తొందరగా పడుతుంది. అందుకే నన్నడిగేవాళ్లని నేను ఎదురు అడుగుతాను: బీపీ బిళ్ల ఎన్నిసార్లు మర్చిపోతారండీ? వారానికి రెండుసార్లు మర్చిపోయే మనిషైతే ఆ మాట సర్జన్‌కి నిజం చెప్పాలి. మొహమాటపడి లాభం లేదు.

ఇంకో సంగతి మా లంకల్లో ఉండేవాళ్లకి. బైపాస్ తర్వాత ఎప్పుడో, ఏళ్లు గడిచాక కూడా, లోపలి సందులో పేగు దూరి మెలిపడవచ్చు. అరుదే. కానీ వస్తే భరించలేని నొప్పి, గంటల్లో ఆపరేషన్ థియేటర్లో ఉండాలి. గోదారి పొంగితే మా ఊరికి పడవ తప్ప దారి లేదు. ఈ మాట చెబితే సర్జన్ కాసేపు ఆలోచించారు. నేను వేసవి సెలవుల్లో చేయించుకున్నాను, వరదలనాటికి కోలుకున్నాను. ఇప్పటికీ ఏటిగట్టు మీద మొదటి హెచ్చరిక వినబడగానే అమలాపురంలో మా పిన్నిగారింటికి వెళ్లిపోతాను.

మినీ బైపాస్ మన దేశంలో బాగా నడుస్తోంది. రెండు అతుకులకు బదులు ఒక్కటే ఉంటుంది, పని త్వరగా అవుతుంది, బరువూ షుగరూ బాగా తగ్గుతాయి. దాని ఇబ్బంది ఏమిటంటే కొందరికి పైత్యరసం పొట్టలోకి ఎదురెక్కుతుంది. ముందే మంట ఉన్నవాళ్లు ఈ మాట గట్టిగా అడగాలి. డుయోడినల్ స్విచ్ అని ఇంకొకటుంది. బరువు అన్నిటికన్నా ఎక్కువ తగ్గేది దాంతోనే, పోషకాల లోటూ అన్నిటికన్నా ఎక్కువే. కాలువలో చాలా భాగం తప్పించి శివారు భూములకే నీళ్లు వదిలినట్టు. చాలా భారీ మనుషులకి, ఎక్కడ ఏ పరీక్ష చేయించాలో తెలిసి తిరగగలిగినవాళ్లకి. పొట్టకి సిలికాన్ బెల్టు కట్టే పద్ధతి ఒకప్పుడు గొప్పగా సాగింది. బెల్టు జారడాలు, లోపలికి కోసుకుపోవడాలు, మళ్లీ ఆపరేషన్లు. ఇప్పుడు దాదాపు మానేశారు. బెలూన్ అసలు ఆపరేషనే కాదు, గొట్టంతో లోపల పెట్టి ఆరునెలలకి సాధారణంగా తీసేస్తారు. తీశాక పాత తిండికి వెళితే పాత బరువే.

ఇంజెక్షన్ల గురించీ అడుగుతున్నారు ఈమధ్య. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. బరువు తగ్గించే మందులుగా 2025లో ఇక్కడి మార్కెట్‌కి వచ్చాయి. ఆపరేషన్‌కి ముందు వాటి గురించి డాక్టర్ని అడగడంలో తప్పు లేదు. మానేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుందని మాత్రం తెలిసి మొదలుపెట్టాలి.

డబ్బు లక్షల్లో మాట. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోండి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం, ఈ ఆపరేషన్‌కి బీమా రావాలంటే బీఎంఐ 40 గానీ ఆపైన గానీ ఉండాలి. లేదంటే 35 ఉండి, అదుపులో లేని షుగరు, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు లాంటిది తీవ్రంగా ఉండాలి. వయసు 18 నిండాలి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలైతే ఆసియావాళ్లకి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. కాబట్టి డాక్టర్ సరేనన్న ఆపరేషన్‌కి బీమావాళ్లు కాదనే వీలుంది. ముందే రాతపూర్వకంగా అడగండి.

స్లీవ్ చిన్న ఆపరేషన్ కదా, నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు కదా అంటారు కొందరు. కోసి పారేసిన పొట్ట వెనక్కి ఎక్కడినుంచి వస్తుంది? అవసరమైతే స్లీవ్‌ని బైపాస్‌గా మార్చగలరు. పాత పొట్టగా మార్చలేరు.

పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు ఏది చేయించుకున్నా ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద భరోసా పెట్టుకోకూడదు, వేరే పద్ధతి అడగాలి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది. దువ్వెన చూసి మా వదిన పెట్టిన శోకాలు వీధంతా విన్నారు. మళ్లీ వచ్చిందిలెండి.

తిండి సంగతి. మొదట కొన్నివారాలు మజ్జిగ తేట, పప్పుకట్టు, తర్వాత మెత్తగా చేసినవి. ఆ తర్వాత కూడా అన్నం కంచంలో ఆఖరివాడే. ముందు కోడిగుడ్డు, చేప, పెసరట్టు ముక్క. రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి, గుడ్డు ఒక్కటి ఇచ్చేది ఆరు గ్రాములే. అన్నం మధ్యలో గటగటా మంచినీళ్లు తాగడం మన అలవాటు. అది పోవాలి. తిన్న అరగంటకి గుక్కెడు గుక్కెడు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. వేసవిలో బడి నుంచి వచ్చి చెంబెడు నీళ్లు ఎత్తి తాగలేకపోవడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు.

నా బరువు 69కి దిగి ఇప్పుడు 74 దగ్గర నిలిచింది. 96 ఉన్న వదిన 70కి వచ్చి, మళ్లీ 76కి చేరింది. ఇద్దరికీ కొంత వెనక్కి వచ్చింది, చాలామందికి వస్తుంది.

మొన్న వదిన ఫోన్ చేసింది. తెల్లవారుజామున గొంతులో పుల్లగా తగులుతోందట, దగ్గు వస్తోందట. ముందు లేనిది ఈ ఏడాదే మొదలైందట. "గ్యాసేమో కదా?" అంది. సిరప్ తాగావా అన్నాను. తాగానంది. సోమవారం రాజమండ్రిలో ఎండోస్కోపీకి టైం తీసుకున్నాం. పరగడుపున రావాలన్నారు. హెడ్‌మాస్టారుగారికి సెలవు చీటీ ఇచ్చేశాను.

నమస్కారం.