డాలు కొనడానికి లైసెన్సు కావాలా?

వీక్షకులందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపంలోని ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన గత వారం నాకు ఫోన్ చేశారు. ఆయన కుమారుడు అమెరికాలో ఎమ్మెస్ చదువుకుంటూ, రాత్రిపూట ఒక పెట్రోలు బంకుకు ఆనుకుని ఉన్న దుకాణంలో గల్లా దగ్గర కూర్చుంటున్నాడట. అటువంటి దుకాణాలలో దొంగల కాల్పులకు మన తెలుగు పిల్లలు బలైన వార్తలు చూసిన తరువాత ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టడం లేదు. "మా బావమరిది సీఆర్పీలో చేసి రిటైరైపోనాడు, ఆడినడిగి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టొకటి పంపిచ్చీమంటారేటి బాబూ? అక్కడది తొడుక్కుంటే కేసవుతాదా?" అన్నది ఆయన ప్రశ్న. అందులో నిజానికి మూడు ప్రశ్నలు ఉన్నాయి కాబట్టి ఈ రోజంతా దాని గురించే మాట్లాడుతాను.

ముందుగా అమెరికా సంగతి, ఎందుకంటే ఆ అబ్బాయికి వర్తించేది ఆ దేశపు చట్టమే. కత్తికీ డాలుకూ మన ఊహలో ఎప్పుడూ జంటే. బొబ్బిలి కోట కథ చెప్పేవాళ్ళు కూడా రెండింటినీ ఒకే ఊపులో చెబుతారు. చట్టం మాత్రం ఆ జంటను విడదీసి, కత్తి పట్టినవాడిని ఒక విధంగానూ డాలు పట్టినవాడిని మరొక విధంగానూ చూస్తుంది. అమెరికా సమాఖ్య చట్టంలో రక్షణ కవచం ఆయుధం కాదు, దానిని కొనడానికి లైసెన్సు అక్కరలేదు. అక్కడ ఉన్న నిషేధం వస్తువు మీద కాక మనిషి మీద ఉన్నది. హింసతో కూడిన తీవ్ర నేరంలో శిక్ష పడినవారు కవచాన్ని కొనరాదు, దగ్గర ఉంచుకోరాదు. ఉంచుకుంటే మూడేళ్ళ వరకు జైలు. 2002లో వచ్చిన ఈ నియమానికి విధి నిర్వహణలో చనిపోయిన ఇద్దరు పోలీసు అధికారుల పేర్లు పెట్టారు. వారిలో ఒకరైన జేమ్స్ గెల్ఫ్ 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో, కవచం తొడుక్కుని కాల్పులు జరుపుతున్న ఒక వ్యక్తి చేతిలో మరణించారు. 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలిస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో ఇద్దరు బ్యాంకు దొంగలు ఇటువంటి కవచాలతోనే బయటికి వచ్చి, పిస్తోళ్ళు, షాట్‌గన్‌లు మాత్రమే ఉన్న పోలీసులను చాలాసేపు నిస్సహాయులను చేశారు. దొంగ ఒంటి మీద ఉన్న డాలు పోలీసు పాలిట ఆయుధమే అవుతుందన్న వాదన ఆ అనుభవాలలోంచి బలపడింది.

విద్యార్థి వీసా మీద ఉన్నవాడు కొనకూడదని ఆ సమాఖ్య నియమంలో ఎక్కడా లేదు. కాబట్టి నేరచరిత్ర లేని మన అబ్బాయికి చిక్కు వస్తే రాష్ట్ర చట్టం దగ్గరే వస్తుంది. ఇక్కడే నేను ఆ పెద్దాయనను ఆపి, "మీ అబ్బాయి ఉండేది ఏ రాష్ట్రంలో?" అని అడిగాను. ఆయన "అమెరికాలోనే" అన్నారు. కానీ అక్కడ రాష్ట్రం మారితే సమాధానం కూడా మారిపోతుంది.

న్యూయార్క్ అన్నింటికన్నా కఠినమైనది. 2022 మే 14న ఆ రాష్ట్రంలోని బఫెలో నగరంలో ఒక యువకుడు సూపర్‌మార్కెట్‌లో పదిమందిని చంపాడు. అక్కడ కాపలా ఉన్న విశ్రాంత పోలీసు అధికారి ఆరన్ సాల్టర్ అతడిని గురిచూసి కాల్చారు. తూటా తగిలింది గాని, కవచం దానిని ఆపింది, సాల్టర్ ప్రాణాలు కోల్పోయారు. నెల తిరగకముందే న్యూయార్క్ చట్టం చేసింది: పోలీసులు, సైనికులు, ప్రభుత్వం అర్హమైనవిగా గుర్తించిన మరికొన్ని వృత్తులవారు తప్ప ఎవరూ కవచాన్ని కొనరాదు, తెలిసి చేతికి తీసుకోనూ రాదు. ఆ తొందరలో జరిగిన పొరపాటు ఒకటి చెప్పకుండా ఉండలేను. మొదట రాసిన నిర్వచనం మెత్తటి జాకెట్లకు మాత్రమే సరిపోయింది. బఫెలోలో హంతకుడు తొడుక్కున్న లోహపు పలకల కవచం ఆ నిర్వచనంలోకి రానేలేదు, దానితో కొద్ది వారాలలోనే దానిని సవరించవలసి వచ్చింది. ఏ సంఘటన కోసం చట్టం చేశారో ఆ సంఘటనకే అది వర్తించకపోవడం చూస్తే, మాట నిర్వచించడం ఎంత కష్టమో తెలుస్తుంది. కనెటికట్‌లో అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి లావాదేవీ జరపాలన్న నియమం ఎప్పటి నుంచో ఉన్నది, 2023లో దానిని ఇంకా బిగించారు. టెక్సాస్ వంటి అనేక రాష్ట్రాలలో నేరచరిత్ర లేనివాడు బజారులో చొక్కా కొన్నంత సులువుగా దీనిని కొనుక్కోవచ్చు.

ఇక బావమరిదిగారి జాకెట్ సంగతి. మన శ్రీకాకుళం ప్రాంతంలో సైన్యంలోనో కేంద్ర బలగాలలోనో పనిచేసినవారు లేని ఊరు అరుదు కాబట్టి ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. విధుల కోసం ఇచ్చే జాకెట్ ప్రభుత్వ ఆస్తి, లెక్కలో ఉండే సామగ్రి; అది అమ్మడానికీ ఇవ్వడానికీ జవానుది కాదు. బయట కొన్నదైనా పార్సిల్‌లో పంపడం ఎగుమతి కిందికి వస్తుంది. మన దేశం ఎగుమతులను నియంత్రించే స్కోమెట్ జాబితాలోని ఆరవ వర్గం, అంటే యుద్ధ సామగ్రి వర్గంలో, శరీర కవచాలు ఉన్నాయి. రక్షణ మంత్రిత్వ శాఖలోని రక్షణ ఉత్పత్తి విభాగం అనుమతి లేకుండా వాటిని పంపితే చిక్కులో పడేది ఇక్కడి తండ్రే.

మన దేశంలోనే తొడుక్కోవాలనుకుంటే? 1959 నాటి ఆయుధ చట్టం దాడికో రక్షణకో ఆయుధంగా రూపొందించిన వస్తువులను ఆయుధాలంటుంది. జాకెట్ తూటాను ఆపుతుంది తప్ప ఎవరినీ గాయపరచదు కనుక, ఆ నిర్వచనం దానికి వర్తించదని నా పఠనం. అయినా కొనే ముందు జిల్లా ఎస్పీ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగమనే నా సలహా. సైనికుడి వేషం, లేదా మోసపూరిత ఉద్దేశంతో ప్రభుత్వోద్యోగి వేషం వేయడం భారతీయ న్యాయ సంహిత 168, 205 సెక్షన్ల కింద నేరాలు కాబట్టి, ‘పోలీస్’ అని రాసి ఉన్న జాకెట్ జోలికి మాత్రం ఎవరూ పోవద్దు.

జాకెట్ చేయగలిగినంతే ఆశించడం కూడా అవసరం. అమెరికాలో ఎక్కువగా అమ్ముడుపోయే మూడు-ఏ స్థాయి మెత్తటి జాకెట్ పిస్తోలు తూటాలను ఆపుతుంది, రైఫిలు తూటాలను ఆపలేదు. కత్తిపోటుకు వేరే ప్రమాణం, వేరే పరీక్ష ఉన్నాయి. తూటా ఆగినా, జాకెట్ వెనుక ఉంచిన బంకమట్టిలో 44 మిల్లీమీటర్ల వరకు లోతు పడితే పరీక్ష నెగ్గినట్లే లెక్క. అంటే పక్కటెముక విరిగే అవకాశం ఉన్నది. చెమటా ఎండా జాకెట్‌లోని దారాలను బలహీనపరుస్తాయి, తయారీదారులు సాధారణంగా ఐదేళ్ళకే హామీ ఇస్తారు. పైగా తల, మెడ, చేతులు ఎలాగూ బయటే ఉంటాయి.

రెండు రోజుల తరువాత ఆ పెద్దాయన మళ్ళీ ఫోన్ చేసి, రాష్ట్రం టెక్సాస్ అని చెప్పారు. అక్కడ కొనుక్కోవచ్చని చెప్పి, నేనొక ఎదురు ప్రశ్న వేశాను. ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థి కళాశాల బయట పనిచేయాలంటే ముందుగా అనుమతి ఉండాలి, ఆవరణలోని పనికైనా తరగతులు జరిగే రోజులలో వారానికి 20 గంటలే పరిమితి. మీ వాడికి ఆ దుకాణంలో పనిచేయడానికి అనుమతి ఉన్నదా? ఆయన చాలాసేపు మాట్లాడలేదు. జాకెట్ ధర అడగబోయి మానుకుని, "మావోడికిప్పుడు పొద్దెక్కుంటాది, ఫోన్ చేసడుగుతాను" అన్నారు.