కొత్త ప్రెసిడెంటు మీద పెట్టుకున్న ఆశ ఎక్కడ తెగిపోతుంది?

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం.

మన అనంతపురం పల్లెల్లో ప్రెసిడెంటు అంటే ఢిల్లీ మాట కాదు. చట్టం ‘సర్పంచ్’ అంటుంది గానీ రచ్చకట్ట మీద ఇప్పటికీ ‘ప్రెసిడెంటు’ అనే అంటారు. ఈ జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1977లో దేశానికే ప్రెసిడెంటు అయ్యారు. ఆ పదవికి ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలు. మనం లైన్లో నిలబడి, మన చేత్తో ముద్ర గుద్ది గెలిపించుకునేది ఊరి ప్రెసిడెంటునే. అందుకే అతని మీద ఆశా ఎక్కువే, అది పోయిన రోజు కలిగే బాధా ఎక్కువే. నేను మాట్లాడదలచుకున్నది ఆ బాధ గురించి.

గెలిచి ఆర్నెల్లు తిరక్కముందే ‘ఈయనా అంతేనప్పా’ అనే మాట ఊళ్లో పుడుతుంది. ఆ మాటలో కొంత న్యాయముంది, కొంత లేదు. ఎంత ఉందో తేల్చాలంటే పంచాయతీలోకి డబ్బు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో ముందు తెలియాలి. అది తెలియకుండా వేసే ఓటు, తెలియకుండా తిట్టే తిట్టు, రెండూ వృథాయే.

ఓటడగడానికి ఇంటికి వచ్చిన అభ్యర్థిని మనం అడిగేవి గుర్తు చేసుకోండి. మా అత్తకు పింఛను రాయించు. మాకు వేరే రేషన్ కార్డు ఇప్పించు. ఇంటి జాగా ఇప్పించు. పాసుపుస్తకంలో తప్పు దిద్దించు. వేరుశనగ బీమా డబ్బులు పడేలా చూడు. వీటిలో ఒక్కటి కూడా ప్రెసిడెంటు సంతకంతో అయ్యేది కాదు. పింఛనూ కార్డూ రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన అర్హతల మీద నడుస్తాయి, దరఖాస్తు గ్రామ సచివాలయంలో తీసుకుంటారు. జాగా, పాసుపుస్తకం తహసీల్దారు చేతిలో ఉంటాయి. బీమా వ్యవసాయ శాఖ పని. వీటిలో ప్రెసిడెంటు సిఫారసు చేయగలడు, మన వెంట రాగలడు, అంతే. కానీ ఓటు కోసం అతను అన్నిటికీ ‘అయితది’ అంటాడు. మనం నమ్ముతాం. నిరాశకు మొదటి విత్తనం పడేది అక్కడే, అది ఇద్దరం కలిసి వేసిందే.

మరి అతని చేతిలో ఉన్నవేమిటి? తాగునీరు, మురుగు కాలువలు, చెత్త, వీధి దీపాలు, ఊళ్లోని దారులు, శ్మశానం, ఇంటి పన్ను, పంచాయతీ ఆస్తులు. వినడానికి చిన్నవే. రోజూ పొద్దున లేచింది మొదలు మన బతుకు వీటి మధ్యే గడుస్తుంది.

ఇప్పుడు డబ్బు. పంచాయతీకి వచ్చేది రెండు దారుల్లో. ఒకటి సొంత ఆదాయం: ఇంటి పన్ను, కొళాయి రుసుము, సంత వేలం, లేఅవుట్, ఇంటి ప్లాను ఫీజులు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా, గనులున్న చోట సీనరేజిలో, అంటే తవ్విన రాయి మీద ప్రభుత్వానికి కట్టే రుసుములో, వాటా. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి తవ్వే ఊళ్లకు ఈ సీనరేజి వాటా చాలా ముఖ్యం. రెండోది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. చాలా చిన్న పంచాయతీలకు ఈ రెండోదే ప్రాణం.

ఈ గ్రాంటులో ఒక మెలిక ఉంది, ఓటర్లకు దాదాపు ఎవరూ చెప్పనిది. 2021 నుంచి 2026 వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం నిబంధనల ప్రకారం 60 శాతం డబ్బు ‘టైడ్’, అంటే ముడి వేసి ఇచ్చింది. అందులో సగం తాగునీటికి, వాననీటి నిల్వకు. మిగతా సగం పారిశుద్ధ్యానికి. 40 శాతం మాత్రమే ఊరి ఇష్టానికి వదిలింది, దాన్ని కూడా జీతాలకు వాడకూడదు. పంచాయతీకి 10 లక్షలు వచ్చాయనుకోండి. 3 లక్షలు నీళ్లకు, 3 లక్షలు కాలువలకు, చెత్తకు. రోడ్డుకో, దీపాలకో మిగిలేది 4 లక్షలు. ‘పది లక్షలు వస్తే మా వీధికి సిమెంటు రోడ్డు ఎందుకు వేయలేదు’ అని అడిగే ముందు ఈ లెక్క తెలిసి ఉండాలి. అదే నోటితో ఇంకో ప్రశ్న కూడా అడగాలి: నీళ్లకని వచ్చిన 3 లక్షలు ఏ బోరుకు, ఏ పైపుకు పెట్టారు?

ఇక్కడ ప్రెసిడెంట్లకు జరిగిన అన్యాయం కూడా చెప్పకపోతే తప్పు. ఈ రాష్ట్రంలో పాత పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో తీరింది. ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో, 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా. రెండున్నరేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. అయిదేళ్ల గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం చెబుతున్నా అది జరగలేదు. ఎంతో ఆశతో గెలిచి వచ్చిన కొత్త సర్పంచులు కుర్చీలో కూర్చున్న కొన్ని నెలలకే, ఖాతాల్లో పడిన ఆర్థిక సంఘం డబ్బును రాష్ట్ర ప్రభుత్వం పాత కరెంటు బకాయిలకు జమ చేసుకుంది. సర్పంచులు పార్టీల గోడలు దాటి రోడ్డెక్కారు. ఆ ఏడాది ఊళ్లో పని జరగలేదంటే ప్రతి ప్రెసిడెంటునూ దొంగ అనలేం. అట్లాగని ఆ ఒక్క సాకును అయిదేళ్లూ చెప్పుకుంటూ పోయినవాళ్లను వదిలేయనూ లేం.

పని ఎట్లా నడుస్తుందో వరుసగా చెబుతాను, ఎందుకంటే డబ్బు జారేది ఈ వరుసలోనే. ముందు గ్రామసభలో పని అనుకోవాలి, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కాలి. పాలకవర్గం తీర్మానం చేయాలి. ఇంజినీరు అంచనా వేసి సాంకేతిక మంజూరు ఇవ్వాలి. పని జరగాలి. ఇంజినీరు వచ్చి కొలిచి ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి. ఆ కొలతల మీద బిల్లు పెట్టి, కంప్యూటర్లో ఎక్కించి, కార్యదర్శి తన డిజిటల్ కీతో, సర్పంచ్ తన డిజిటల్ కీతో ఒప్పుకుంటే డబ్బు నేరుగా పనిచేసినవాళ్ల ఖాతాకు పోతుంది.

ఆ డిజిటల్ కీ పెన్‌డ్రైవ్ లాగా చిన్నగా ఉంటుంది, దానికో రహస్య నంబరు. అది సర్పంచ్ సంతకమే. చాలా ఊళ్లలో గెలిచిన మొదటి నెలలోనే దాన్ని నంబరుతో సహా ఎవరి చేతికో ఇచ్చేస్తారు: కంప్యూటర్ ఆపరేటరుకు, కాంట్రాక్టరుకు, ప్రెసిడెంటు మహిళ అయితే ఆమె భర్తకు. మన రాష్ట్రంలో సగం పదవులు మహిళలకే. ఆమెకు వేసిన ఓటు ఆమె చేతిలో ఉండాలంటే ఆ కీ ఆమె కొంగున ఉండాలి. కీ పోగొట్టుకున్న ప్రెసిడెంటు, అంకెలు వేయని చెక్కు మీద సంతకం చేసి నడివీధిలో పెట్టినట్టే. రేపు ఆడిట్‌లో రికవరీ, అంటే డబ్బు వెనక్కి కట్టాలని, రాస్తే అది ఆమె పేరునే వస్తుంది, భర్త పేరున కాదు.

తర్వాత జారేది కొలతల దగ్గర. సిమెంటు రోడ్డు తీసుకోండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని అంచనాలో ఉంటే 45 ఘనమీటర్ల కాంక్రీటు పడాలి. మందం 10 సెంటీమీటర్లే వేస్తే 30 సరిపోతుంది. 15 ఘనమీటర్లు, అంటే మూడో వంతు రోడ్డు కంటికి కనపడకుండా మాయమవుతుంది. పైనుంచి చూస్తే రోడ్డు రోడ్డులాగే ఉంటుంది. అందుకే కాంక్రీటు పోసే రోజునే పక్క పలకల ఎత్తు టేపు పెట్టి కొలవాలి. మధ్యలో ఇనుప చువ్వ గుచ్చి కూడా చూడాలి, ఎందుకంటే అంచుల్లో మందం ఉంచి నడుమ మట్టి ఎత్తు చేయడం పాత అలవాటు. పోశాక రెండు వారాలు నీళ్లు నిలపాలి. మన ఎండకు గోనెపట్టలు తడిపి కప్పకపోతే, లేదా మడులు కట్టి నీళ్లు పెట్టకపోతే, మొదటి వానకే పైపొర లేచి కంకర తేలుతుంది. దాన్ని చూసి ఊరంతా ‘సిమెంటు తిన్నారు’ అంటుంది. కొన్నిసార్లు సిమెంటు సరిగ్గానే ఉంటుంది, నీళ్లే పెట్టి ఉండరు. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకుంటేనే మళ్లీ జరగకుండా ఆపగలం.

నీళ్ల సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఓవర్‌హెడ్ ట్యాంకులో 60,000 లీటర్లు పడతాయనుకుందాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేయాలంటే 120 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 25 శాతం ఉంటే 480 గ్రాములు, అంటే దాదాపు అరకిలో. దాన్ని బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లను ట్యాంకులో పోసి, అరగంట ఆగి వదలాలి. ఊరి చివరి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్‌లో చుక్కమందు వేసి చూస్తే పసుపు రంగు చెబుతుంది. ఎక్కువ చోట్ల తప్పు జరిగేది పౌడరు బస్తా దగ్గర. మూతి విప్పి పంపుగదిలో ఎండకు వదిలేస్తే నెలల్లో అందులో బలం పోతుంది, మిగిలేది సున్నమే. లెక్కకు అరకిలో వేసినట్టు రిజిస్టరులో ఉంటుంది, నీళ్లలో క్లోరిన్ ఉండదు, పిల్లలకు విరేచనాలు ఆగవు.

ఫ్లోరైడ్ వేరే కథ. బ్లీచింగ్ వేసినా, మరిగించినా అది పోదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మన జిల్లాలో బోరు లోతుకు పోయేకొద్దీ ఈ భయం ఉంటుంది. కొత్త బోరు వేయించాను అని గొప్పగా చెప్పుకునే ప్రెసిడెంటును, ల్యాబ్ కాగితం ఏదన్నా అని అడగండి. ఆ కాగితం లేకుండా ఆ నీళ్లు ట్యాంకులోకి ఎక్కించనివ్వద్దు.

అడగాల్సిన చోటు గ్రామసభ. ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టాలి. పెట్టని సర్పంచ్ పదవి పోగొట్టుకునే నిబంధన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. నేరుగా ఓటర్లు ఎన్నుకున్న సర్పంచ్ మీద వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టలేరు, కాబట్టి మన చేతిలో ఉన్న పట్టు ఇదే. సభ పెట్టామని రాసి, ఇంటింటికీ తిరిగి పుస్తకంలో సంతకాలు చేయించుకునే పద్ధతి ఉంది. ఆ పుస్తకం మీ గడపకు వస్తే సంతకం పెట్టకండి. సభలో కూర్చుని, చర్చ విని, తీర్మానం గట్టిగా చదివించుకుని, ఖాళీ వరుసలు కొట్టేయించి, ఆ తర్వాత పెట్టండి.

నోటిమాటకు జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఊరి స్థాయి కార్యాలయంలో మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ‘పంచాయతీ నిధుల వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. పని పేరు, వీధి, ఏడాది రాసి, అంచనా కాపీ, తీర్మానం కాపీ, ఎం-బుక్కు పేజీలు, బిల్లు వోచరు అని నాలుగు కాగితాలు విడివిడిగా అడగండి. పనిని స్వయంగా చూసే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో మన పంచాయతీ ఖర్చు ఫోన్లోనే కనపడుతుంది. ఇంటర్ చదివే పిల్లలెవరైనా పది నిమిషాల్లో తీసి చూపిస్తారు.

ఏకగ్రీవం గురించి ఒక మాట చెప్పాలి. 2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. కొట్లాటలు చూసి విసిగిన మన సీమ ఊళ్లకు ఏకగ్రీవం మంచిదే అనిపిస్తుంది, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ కొన్ని చోట్ల గుడి కడతానన్నవాడికి వేలంలో పదవి ఇచ్చేస్తారు. వేలంలో కొన్నవాడికి ఓటరుతో పనే ఉండదు, పెట్టుబడి తిరిగి రావాలి. గుడి లెక్క ఎవరూ అడగరు, ఊరి లెక్క అడిగే హక్కును మనమే అమ్ముకున్నట్టవుతుంది. ఎన్నికల సంఘం దృష్టిలో ఆ వేలం నేరం.

2021లో గెలిచిన పాలకవర్గాలకు 2026 ఏప్రిల్‌తో అయిదేళ్లు. మళ్లీ గుర్తులు వస్తాయి, మళ్లీ ఇంటింటికీ తిరుగుతారు. ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. తర్వాత ఇదే జిల్లాలో ఊరూరా మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, గట్టిగా చదివి సామాజిక తనిఖీ చేశారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు కూలీ జాబితాలో వినపడితే జనం అక్కడికక్కడే లేచి చెప్పేది ఆ పద్ధతిలోనే. పంచాయతీ ఖర్చును కూడా అట్లాగే చదివించుకోవచ్చు, దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కొత్త ప్రెసిడెంటు పెట్టే మొదటి గ్రామసభకు ఇంటికొకరు చొప్పున పోండి. పాత పాలకవర్గం అప్పజెప్పిన నగదు పుస్తకం నిల్వ ఎంత, కరెంటు బకాయి ఎంత, ఇంటి పన్ను రావలసింది ఎంత, ఈ మూడు అంకెలు మైకులో చదివించి, పంచాయతీ ఆఫీసు గోడ మీద రంగుతో రాయించండి.