ఉప్పునీటి ట్యాంక్‌లో ఆఖరి చేపలు: షాపుకెళ్ళే ముందు ఇది వినండి

నమస్కారమండి. ఇవాళ సోది లేకుండా సూటిగా విషయానికి వచ్చేద్దాం. ట్యాంక్ పెట్టారు, నీళ్ళు కుదురుకున్నాయి, రాళ్ళు పేర్చారు, క్లౌన్ చేపలు ఒక జంట వేశారు. అవేమో ఒక మూల పట్టుకుని అక్కడక్కడే ఊగుతుంటాయి, మిగతా ట్యాంకంతా బోసిగా ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇంత ఖర్చు పెట్టి రెండు చేపలేనా అండి" అంటారు. అంతే, మనకి పౌరుషం వచ్చేసి షాపుకెళ్ళి ఏది మెరిస్తే అది కవర్లో కట్టించుకొచ్చేస్తాం. ఇప్పుడు మాట్లాడుకునేది ఆ తర్వాత వేసే చేపల గురించే, అంటే ట్యాంక్ నిండుగా, సందడిగా కనిపించడానికి ఏం వెయ్యాలి, ఏం వెయ్యకూడదు అన్నది.

లెక్క కోసం 3 అడుగుల ట్యాంక్ అనుకుందాం. పొడవు 3, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. కొలిస్తే 190 లీటర్లు వస్తుంది గానీ రాళ్ళూ ఇసకా పోగా 160 దాకా నీళ్ళుంటాయి. మన వైపు ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది ఈ సైజే.

నీళ్ళ గురించి భీమవరం, పాలకొల్లు, అమలాపురం లాంటి రొయ్యల చెరువుల ఊళ్ళ వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఆల్కలినిటీ అంటే ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడతారు. తేడా ఒక్కటే: చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య 5 పీపీటీ (వెయ్యి పాళ్ళలో ఇన్ని పాళ్ళ ఉప్పు అని లెక్క) లోనూ పెరుగుతుంది, 30లోనూ పెరుగుతుంది, ఈ రీఫ్ (పగడపు దిబ్బల) చేపలకి మాత్రం 33 నుంచి 35 కావాలి, అదీ రోజూ ఒకేలా ఉండాలి. చెరువులో ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరే దీనికీ పనికొస్తుంది. అంతర్వేది బీచ్ నుంచి డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చుకుంటానంటే మాత్రం వద్దంటాను, అక్కడ గోదావరి కలిసే చోట వరద రోజుల్లో ఉప్పు ఎంత పడిపోతుందో, ఒండ్రు ఎంత వస్తుందో మీకే తెలుసు. ఆర్వో నీళ్ళలో మెరైన్ సాల్ట్ కలుపుకోవడమే నయం. వంట ఉప్పుతో సరిపెట్టుకోవద్దు, అందులో ఈ చేపలకి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం ఉండవు. ఆవిరైన నీటి బదులు పోసేది కూడా ఉత్త ఆర్వో నీళ్ళే, ఎందుకంటే ఉప్పు ఆవిరవదు కదా.

సరే, చేపలు.

ఎవరడిగినా ముందు నేను చెప్పేది ఇది: రంగు గురించి బుర్ర పాడు చేసుకోకండి. రీఫ్ చేపల్లో రంగు లేనిది వెతుక్కోవాలి. మన మార్కెట్లో చూడండి, చందువా, పండుగప్ప, మాగ, అన్నీ వెండి రంగో బూడిద రంగో. రంగు చేపల సంగతంతా లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ లాంటి తేట నీళ్ళ పగడపు దిబ్బల దగ్గర. కాబట్టి షాపులో ఏది పట్టుకున్నా రంగు వచ్చేస్తుంది. అది ట్యాంక్‌లో ఏ మట్టంలో తిరుగుతుంది, పగలంతా కనిపిస్తుందా దాక్కుంటుందా, పక్కదాన్ని బతకనిస్తుందా, ఇవి అడగండి.

ఏ మట్టంలో అంటున్నాను కదా, ట్యాంక్‌ని కింద ఇసక, మధ్యలో రాళ్ళు, పైన ఖాళీ నీళ్ళు అని విడగొట్టి చూడండి. క్లౌన్ జంట రాళ్ళ పక్కన ఒక మూల తీసేసుకుంది. మిగిలింది ఇసక, రాతి గుహలు, పైనున్న ఖాళీ. ఒక్కో చోటికి ఒక్కో చేప చూసుకుంటే చాలు, గొడవలు సగం తగ్గిపోతాయి, ట్యాంక్ ఎటు చూసినా ఏదో ఒకటి కదులుతూ ఉంటుంది.

ఇసక మీదకి నేను చెప్పేది పసుపు వాచ్‌మన్ గోబీ. దీన్ని ఒంటరిగా కాకుండా పిస్టల్ రొయ్యతో కలిపి వెయ్యండి. కెమెరా కొంచెం కిందకి దించుతాను, ఇదిగో ఈ రాయి అడుగున చూడండి. రొయ్య బుల్డోజర్‌లా ఇసక తోసుకుంటూ బయటికి వస్తోంది, బయట పడేస్తోంది, మళ్ళీ లోపలికి పోతోంది. దీనికి చూపు సరిగ్గా ఆనదు. అందుకే బయటికొచ్చినంతసేపూ ఒక మీసం చేప మీద ఆనించే ఉంచుతుంది, చూశారా, అదిగో. చేప గుమ్మంలో కూర్చుని కాపలా కాస్తుంది. ఇప్పుడు నేను చెయ్యి అద్దం దగ్గరకి తెస్తాను... చేప తోక చిన్నగా ఆడించింది, రొయ్య వెనక్కి వెనక్కి లోపలికెళ్ళిపోయింది. ఇంకా దగ్గరకి తెస్తే చేప కూడా తల ముందు పెట్టి లోపలికి దూకేస్తుంది. జీవితమంతా రొయ్యలతో గడిపిన మన రైతులు కూడా దీని ముందు కుర్చీ వేసుకుని కూర్చుండిపోతారండి, ఆయ్, నిజం. రాత్రిపూట అద్దం మీద ఎవరో కొట్టినట్టు "టక్" మని శబ్దం వస్తే కంగారు పడకండి, ట్యాంక్ పగల్లేదు, ఆ రొయ్య పెద్ద గోరు మూసినప్పుడు వచ్చే చప్పుడది. ఒక్క జాగ్రత్త, రాళ్ళని ఇసక మీద పెట్టకుండా నేరుగా అడుగు అద్దం మీద నిలబెట్టి, తర్వాత చుట్టూ ఇసక పొయ్యండి. లేదంటే ఇది కింద తవ్వేసి గుట్టంతా కూల్చేస్తుంది.

రాళ్ళ మధ్యకి రాయల్ గ్రామా. కరీబియన్ చేప, ముందు సగం వంగపండు రంగు, వెనక సగం పసుపు, ఎవరో రెండు చేపలు అతికించినట్టుంటుంది. గుహ కప్పు కింద తలకిందులుగా ఈదుతుంది, అది జబ్బేమో అని భయపడొద్దు, దాని పద్ధతే అంత. తన గుహ జోలికొస్తే నోరు తెరిచి బెదిరిస్తుంది, అంతకుమించి గొడవ పెట్టుకోదు. ఇది దొరక్కపోతే ఫైర్ ఫిష్ తీసుకోండి, తెల్లటి ఒళ్ళు వెనక్కి వెళ్ళేకొద్దీ ఎర్రబడుతుంది, వీపు మీద పొడుగాటి రెక్కని టిక్కు టిక్కుమని ఆడిస్తూ నీళ్ళలో అలా నిలబడుతుంది. మెతక చేప, ఒక్కటే వెయ్యండి, ముందుగా వెయ్యండి. జంట కుదరని రెండు వేస్తే ఒకటి రెండోదాన్ని మూలకి తరిమేస్తుంది.

ఇక పైన ఖాళీ. అసలు సందడి రావాల్సింది ఇక్కడే, అందరూ దెబ్బతినేదీ ఇక్కడే. షాపు వాళ్ళు నీలం డామ్సెల్స్ చూపిస్తారు, చవక, గట్టి చేప, కరెంట్ దీపంలా వెలుగుతుంది. ఒక నెల బాగానే ఉంటుంది. ఆ తర్వాత ట్యాంక్ మొత్తం నాదే అంటుంది, కొత్తగా ఏ చేప వేసినా రెక్కలు కొరికేస్తుంది, పోనీ పట్టుకుని తీసేద్దామంటే రాళ్ళన్నీ పీకితే తప్ప చేతికి చిక్కదు. చిన్నప్పుడు మూడు తెల్ల చుక్కలతో ముద్దొచ్చే డామినో డామ్సెల్ దీనికి పెద్దన్న. డామ్సెల్ కావాలని మనసు మరీ లాగితే తోక పసుపుగా ఉండేది చూసుకోండి, వాటిల్లో కాస్త నెమ్మదైనది, అదైనా ఒక్కటే. పచ్చ క్రోమిస్ గుంపు వేస్తే సినిమా సీన్‌లా ఉంటుందని చాలామందికి ఆశ. సముద్రంలో అవి వందల్లో తిరుగుతాయి. చిన్న ట్యాంక్‌లో మాత్రం బలమైనది బలహీనమైనదాన్ని తరుముతూ తరుముతూ చివరికి ఒకటో రెండో మిగులుతాయి. నేనైతే 3 అడుగుల్లో గుంపు చేపల జోలికే వెళ్ళను.

నా ఓటు పసుపు కోరిస్ రాస్‌కి, కొంతమంది కెనరీ రాస్ అంటారు. నిమ్మపండు పసుపు, వీపు రెక్క మీద నల్ల చుక్కలు, పొద్దున్న లైట్ వెలిగిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఒక్క క్షణం ఆగదు, రాళ్ళ మీద చిన్న చిన్న పురుగులు ఏరుకుంటూ ట్యాంక్ ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉంటుంది. చీకటి పడితే ఇసకలో దూరి పడుకుంటుంది. అందుకని రెండు అంగుళాలకి తగ్గకుండా సన్న ఇసక ఉండాలి, కంకర పనికిరాదు. తెచ్చి వేసిన రోజునే ఇసకలో దూరి రెండు మూడు రోజులు కనిపించకపోవచ్చు. చచ్చిపోయిందని ఇసకంతా కెలక్కండి, అదే వస్తుంది.

అంటే క్లౌన్లు రెండు, గోబీ, రొయ్య, గ్రామా లేదా ఫైర్ ఫిష్, ఒక రాస్. తోక పసుపు డామ్సెల్ కావాలంటే అది రాస్‌కి బదులు. అంతకుమించి 190 లీటర్లలో వద్దు.

"మరి ఆ నీలం టాంగ్, సినిమాలో డోరీ?" అంటారని తెలుసు. పిల్లలు దానికోసం ఏడుస్తారు. అది 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేపండి. షాపులో రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు చూసి మోసపోవద్దు, 6 అడుగుల ట్యాంక్ ఉంటే అప్పుడు మాట్లాడదాం. మాండరిన్ చేప, ఎంత అందంగా ఉంటుందో అంత కష్టం, బతికున్న కోపిపాడ్లు (నీళ్ళలో ఉండే చిన్న చిన్న పురుగుల్లాంటి జీవులు) తప్ప చాలావరకు వేరే మేత ముట్టదు, కొత్త ట్యాంక్‌లో ఎండిపోయి చచ్చిపోతుంది. క్లీనర్ రాస్ కూడా అంతే, పెద్ద చేపల ఒంటి మీద పరాన్నజీవులు తిని బతికేదానికి మన ఇంట్లో తిండి ఎక్కడుంది? మూరిష్ ఐడల్ అసలు వద్దు. లయన్ ఫిష్ ముళ్ళల్లో విషం, నోట్లో పట్టిన ప్రతి చేపనీ మింగేస్తుంది. సముద్రపు గుర్రాలు, గట్టి పగడాలు మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి, ఎవరైనా చాటుగా అమ్ముతున్నా కొనకండి, చేపల సరదా కాస్తా కేసు దాకా పోతుంది.

షాపులో ఏం చూడాలంటే, ముందు మేత వెయ్యమనండి. మన కళ్ళ ముందు తినని చేప మనకొద్దు, ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు. తర్వాత ఎదురుగా నిలబడి దాని పొట్ట చూడండి, కింద లోపలికి నొక్కుకుపోయి, కళ్ళ వెనక వీపు కత్తి అంచులా తేలిందంటే చాలా రోజులుగా తిండి లేదని లెక్క. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నా, రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటున్నా వదిలేయండి. హేచరీ చేప ఉందా అని అడగండి. క్లౌన్లని హేచరీలో పెంచే పద్ధతిని మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలే ఎప్పుడో తయారు చేశారు, అలా పుట్టిన చేప మొదటి రోజునే గుళిక మేత తింటుంది. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు నుంచి వచ్చే కొన్ని చేపల్ని సైనైడ్ చల్లి మత్తెక్కించి పడతారు, అవి పైకి బాగానే కనిపించి కొన్ని వారాల్లో పోతాయి.

తెచ్చాక నేరుగా ట్యాంక్‌లో వెయ్యకుండా నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. వైట్ స్పాట్ అనగానే మనవాళ్ళకి గుండె ఆగుతుంది, చెరువులో అది వైరస్, వచ్చిందంటే పంట పోయినట్టే. చేపలకొచ్చే వైట్ స్పాట్ వేరే, అది పరాన్నజీవి, కాపర్ మందుతో తగ్గుతుంది. కాకపోతే కాపర్ రొయ్యల్ని చంపేస్తుంది, మన పిస్టల్ రొయ్య ఉన్న ట్యాంక్‌లో పొయ్యడానికి వీల్లేదు, అందుకే ఆ వేరే తొట్టి.

మేత దగ్గర మన ఊళ్ళకి మాత్రమే ఉన్న ఒక ప్రమాదం చెప్పాలి. ఆర్టీమియా వెయ్యండి, ఫ్రోజెన్ మైసిస్ వెయ్యండి, రెండూ రొయ్యల్లాంటి చిన్న జీవులే. కానీ చెరువు నుంచి తెచ్చిన పచ్చి రొయ్య తరిగి వెయ్యడం చాలా ఇళ్ళల్లో చూస్తున్నాను, చేపలకి అది ఏమీ చెయ్యదు, చక్కగా తింటాయి, కానీ ఆ మాంసంలో వైట్ స్పాట్ వైరస్ ఉంటే ట్యాంక్‌లో రొయ్యకి అంటుకోవచ్చు. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ వైరస్ చావదు. ఉడకబెట్టి వెయ్యండి, లేదా రొయ్య ఉన్న ట్యాంక్‌కి మానేయండి.

వేసే వరస ముఖ్యం. మెతకవి ముందు, చురుకైనవి ఆఖర్న. ఒక్కోదానికి మధ్య కనీసం రెండు మూడు వారాలు ఆగండి, కొత్త చేప పెట్టే అమ్మోనియా భారాన్ని, దాన్ని విరిచే మీ ట్యాంక్ బాక్టీరియా అందుకోవాలి. రాస్ లాంటి ఆఖరి చేపని వేసే రోజు ఒకటి రెండు రాళ్ళు అటూ ఇటూ జరపండి, పాత చేపలు తమ హద్దులు మళ్ళీ వెతుక్కునే పనిలో పడి కొత్తదాన్ని పట్టించుకోవు. లైట్లు తీసేసి వదలండి. ఫైర్ ఫిష్, రాస్ రెండూ గెంతే చేపలే, పైన సన్నకంతల వల మూత లేకపోతే తెల్లారి నేల మీద దొరుకుతాయి. అద్దం మూత పెట్టొద్దు, మే నెలలో మనకి నీళ్ళు చల్లబడాలంటే పైన గాలి ఆడాలి, నీళ్ళు మరీ వేడెక్కితే చురుగ్గా తిరిగే చేపలకి ముందుగా ఊపిరి అందదు. రాత్రి కరెంట్ పోతే చెరువులో ఏరేటర్లు ఆగినట్టే ఇక్కడా డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి, కరెంట్ పోగానే దానంతటదే ఆన్ అయ్యేది దొరుకుతుంది.

మొదటి రోజు కొత్త చేపకి లైట్ వెయ్యకండి, రెండో రోజు కొంచెం మేత వేసి చూడండి. మూడో రోజుకి కూడా తినకపోతే, లేదా ఎవరైనా దాన్ని అదే పనిగా తరుముతుంటే, తరిమేదాన్ని ఒక కంతల పెట్టెలో పెట్టి ట్యాంక్‌లోనే వారం వేలాడదీయండి. కొత్తదాన్ని కాదు, తరిమేదాన్ని.