మూడో గడి

జూనియర్ మిత్రులందరికీ నమస్కారం. వచ్చే నెలలో మీరు బడులకు వెళ్తున్నారు కాబట్టి నా అనుభవం చెప్పమని మన అధ్యాపకులు పిలిచారు. బీఎడ్ రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలన్నది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో పెట్టిన నిబంధన. మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16. ఆ పదహారులో చివరి నాలుగు వారాల గురించే మాట్లాడతాను. అంతకు ముందు పన్నెండు వారాలూ నేను కంప్యూటర్ పాఠం చెప్పలేదు, కంప్యూటర్ వాడి చూపించాను.

ఇదిగో నా పాఠ్య ప్రణాళికల నోటు పుస్తకం. మీరూ ఇలాంటిదే రాస్తారు. మొదటి గడిలో బోధనాంశం, రెండో గడిలో ఉపాధ్యాయ కృత్యం, మూడో గడిలో విద్యార్థి కృత్యం. నా రెండో గడిలో చీమ దూరే సందు లేదు. మూడో గడి చూడండి: ‘గమనిస్తారు’. దాని కింద ‘వింటారు’. మళ్లీ ‘గమనిస్తారు’. ప్రతి పేజీలోనూ ఇదే వరస. అన్నిటి మీదా సంతకాలు కూడా పడ్డాయి!

మా బడి తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలో ఉంది. తొమ్మిదో తరగతిలో 42 మంది పిల్లలు, పనిచేసే కంప్యూటర్లు 14. ఒక్కోదాని ముందు ముగ్గురు.

పదమూడో వారంలో మా మెంటర్ మేడం వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్నారు. గంట కొట్టాక ఒక కాగితం నా చేతిలో పెట్టారు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్లీ నాలుగు నిలువు గీతలు, అలా వరసగా. లెక్కపెడితే 17. “నలభై నిమిషాల్లో మీరు పిల్లల చేతుల్లోంచి మౌసు లాక్కున్నది ఇన్నిసార్లు” అన్నారు. నాకు ఒళ్లు మండింది. సాయం చేస్తే లాక్కోవడం అంటారా అని ఆ రాత్రి చాలాసేపు గొణుక్కున్నాను. మర్నాడు పంతం కొద్దీ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ల్యాబులోకి వెళ్లాను.

మూల కంప్యూటర్ దగ్గర ఒక అబ్బాయి ఏడో ఎక్కం ప్రోగ్రాం రాస్తున్నాడు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్కించాలో చెప్పే రేంజ్‌లో 1, 10 అని ఇచ్చాడు. ఏడు తొమ్మిదులు అరవై మూడుతో ఎక్కం ఆగిపోయింది. మళ్లీ నడిపాడు. మళ్లీ 63. మేం నేర్పే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ రెండో అంకె హద్దు మాత్రమే, లెక్కలోకి రాదు. ఈ సంగతి నేను బోర్డు మీద రాసి, అడుగున గీత కూడా గీశాను. నా కుడిచేయి దురద పెట్టినంత పని అయింది. ఇంతలో మూడో కుర్చీలోంచి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి మెల్లగా అంది: “పది పెడితే తొమ్మిది దగ్గరే ఆగుతుంది. పదకొండు పెట్టు.” వాడు వినలేదు. మళ్లీ చెప్పింది. పెట్టాడు. 70 వచ్చింది. “సార్, నాకు వచ్చేసింది!” అని చెయ్యెత్తాడు. ముందు రోజయితే వాడి పేరు పక్కన టిక్కు పెట్టి ముందుకు పోయేవాణ్ణి.

ఈ ఏడాది ఎప్పుడైనా టైపు చేశావా అమ్మా అని ఆ అమ్మాయిని అడిగాను. “లేదు సార్, నేను చూస్తాను” అంది. నా మూడో గడిలో ఉన్న మాటే.

ఆ రోజు నుంచి పది నిమిషాలకోసారి కుర్చీలు మార్చాం. కీబోర్డు దగ్గర ఉన్నవారు పక్కవారు చెప్పిందే కొట్టాలి, చెప్పేవారు కీబోర్డు ముట్టుకోకూడదు, మూడోవారు తప్పులు పట్టాలి. ప్రోగ్రామర్లు జంటగా కూర్చుని పనిచేసే పద్ధతి ఒకటి ఉంది, దానికి నేను మూడో కుర్చీ కలిపానంతే. గోల మాత్రం ఎక్కువే. పక్క తరగతి సారు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లారు. సిలబస్ కూడా కొంత వెనకబడింది, దాచడం ఎందుకు.

కరెంటు పోయిన ఒక రోజు తరగతిలోనే, ఊహలో అలిపిరి మెట్లు ఎక్కించాను. నడకదారిలో సుమారు 3,550 మెట్లు. నేనొక మెట్టు తలచుకుంటాను, పైనా కిందా అన్నదే చెబుతాను, ఎన్ని ప్రశ్నల్లో పట్టుకుంటారు? మొదట ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టారు. కాసేపటికి ఎవరో “సగం దగ్గర అడగండిరా” అన్నారు. ప్రతిసారీ సగానికి సగం తగ్గిస్తూ పోతే 12 ప్రశ్నలు చాలు. అదే ఊపులో, ముందు వచ్చినవారు ముందు వెళ్తే దాన్ని క్యూ అంటారని చెప్పాను. “మరి 300 రూపాయల టికెట్ వాళ్లు సార్?” అని వెనక నుంచి ప్రశ్న. ప్రాధాన్యాన్ని బట్టి నడిచే క్యూ గురించి నాకు డిగ్రీలో చెప్పారు. తిరుపతి పిల్లలకు అది ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

చివరి వారం మూడో గడిని పాఠం అయ్యాక నింపుతానని అడిగితే మేడం ఒప్పుకున్నారు. ఆఖరి పేజీలో ఇలా ఉంది: ‘39 మంది టైపు చేశారు. ముగ్గురు వంతు వచ్చినా కుర్చీ మారలేదు.’ కారణం కనుక్కునేలోపు నా వారాలు అయిపోయాయి. ఆ ముగ్గురి రోల్ నంబర్లు ఒక చీటీ మీద రాసి, మేడం చేతిలో పెట్టి, తిరుపతి బస్సు ఎక్కాను.